సొంతంగా కట్టుకునే మాడ్యులర్ క్యాబినెట్: ప్రొఫైలా, రేకా, ప్లైవుడ్డా, ఆక్రిలిక్కా?

కంప్యూటర్ క్యాబినెట్ సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్ళు మొదట అడిగేది "దేంతో చెయ్యాలి?" అని. బెంగళూరులో ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్న మరీ తికమక. కారణం, ఇక్కడ అన్నీ దొరుకుతాయి. పాత క్యాబినెట్లు, ఫ్యాన్లు, కేబుళ్ళు ఎస్‌పీ రోడ్‌లో. నట్లు, బోల్టులు, మర కోసే ట్యాపులు, డ్రిల్ బిట్లు ఆ పక్కనే ఎస్‌జేపీ రోడ్‌లో. లేజర్ కటింగ్, బెండింగ్, పౌడర్ కోటింగ్ పీణ్యాలో. ప్లైవుడ్ కావాలంటే మైసూరు రోడ్ వైపు టింబర్ యార్డ్ లేఅవుట్. వైట్‌ఫీల్డ్‌లో మెట్రో పర్పుల్ లైన్ ఎక్కి మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారితే ఒక పక్క చిక్‌పేట, ఇంకో పక్క పీణ్యా. సరుకు దొరక్క ఆగిపోయే సమస్య లేదు, దేన్ని ఎంచుకోవాలో తేలక ఆగిపోయేవాళ్ళే ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పదార్థం సంగతి తర్వాత. ఈ పెట్టెలో రేపు ఏది మారుతుంది, ఏది మారదు అన్నది ముందు తేల్చుకోండి. గ్రాఫిక్స్ కార్డు రెండేళ్ళకోసారి మారొచ్చు. డిస్కులు పెరగొచ్చు. మదర్‌బోర్డు బిగించే చిల్లులు మాత్రం మారవు. ఇంటెల్ 1995లో ఏటీఎక్స్ అనే మదర్‌బోర్డు కొలతల ప్రమాణం తెచ్చినప్పటి చిల్లుల స్థానాలే ఇప్పటి బోర్డులకీ ఉన్నాయి. మారే చోట విప్పి బిగించే అతుకు, మారని చోట గట్టి రేకు. ఈ ఒక్కటి తేలితే పదార్థం దానంతట అదే తేలుతుంది. చాలామందికి సరిపడే జవాబు కూడా ఒకే పదార్థం కాదు, కలగలుపు.

## ముందు దేన్ని చూడాలి

అతుకు ఎన్నిసార్లు విప్పొచ్చు. మాడ్యులర్ అన్న మాటకి అర్థం ఇదే. ప్లైవుడ్‌లోకి నేరుగా దింపిన చెక్క స్క్రూని కొన్నిసార్లు విప్పి బిగిస్తే పట్టు పోతుంది. ఆక్రిలిక్‌లో మర కొడితే నాలుగు రోజులు నిలిచి, ఒకరోజు కాస్త బలం ఎక్కువైతే టప్పుమని చీలుతుంది. లోహంలో మర, ఇత్తడి ఇన్సర్ట్ (లోపల మర ఉండే చిన్న గొట్టం), టీ-నట్ (టీ ఆకారం నట్టు), ఈ మూడూ ఎన్నిసార్లు విప్పినా నిలుస్తాయి.

కొలత ఎంత కచ్చితంగా వస్తుంది. పక్క ప్యానెల్ ఒక మిల్లీమీటరు తేడా వస్తే కంటికి కూడా ఆనదు. అదే వెనక భాగంలో, అంటే పోర్టుల రేకు, కార్డు స్లాట్లు ఉండే చోట, అర మిల్లీమీటరు తప్పినా కార్డు వంకరగా కూర్చుంటుంది. పోర్టుల రేకు కూర్చునే కంత 158.75 × 44.45 మి.మీ. స్లాటుకీ స్లాటుకీ మధ్య 20.32 మి.మీ. బోర్డు కింద కనీసం 6.35 మి.మీ. ఖాళీ ఉండాలి. ఇవన్నీ అంగుళాల్లో పుట్టిన కొలతలు కాబట్టి మిల్లీమీటర్లలో ఇలా దశాంశాలతో ఉంటాయి. "158 అంటే సరిపోదా" అని గుండ్రం చేస్తే అక్కడే పని చెడుతుంది.

ఎర్త్. దీని గురించి కింద వివరంగా రాశాను. ఇంటి తయారీ క్యాబినెట్లలో ఎక్కువమంది వదిలేసేది ఇదే.

దుమ్ము, గాలి. పక్క స్థలంలో కొత్త అపార్ట్‌మెంట్ లేస్తుంటుంది, రోడ్డు ఎప్పుడూ తవ్వే ఉంటుంది. ఈ ఊళ్ళో జాలీ లేని క్యాబినెట్ కొన్ని వారాలకే ఎర్రమట్టి పట్టేస్తుంది.

బరువు. అద్దె ఇల్లు మారేవాళ్ళు, పండక్కి పీసీని కారులో వేసుకుని ఊరెళ్ళేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంట్లో ఎంత పని చెయ్యగలరు. చాలా అపార్ట్‌మెంట్లలో మధ్యాహ్నాలు, ఆదివారాలు డ్రిల్ శబ్దానికి అసోసియేషన్ ఒప్పుకోదు. బాల్కనీలో రంపం పట్టుకునే వీలుందో లేదో ముందే చూసుకోండి. వీలు లేకపోతే కోత పని మొత్తం షాపులో చేయించి, ఇంట్లో అలెన్ కీ పని మాత్రమే మిగిలేలా ప్లాన్ వేసుకోవాలి.

ఇక సైజు. బోర్డుని బట్టి పెట్టె మారుతుంది: ఏటీఎక్స్ 305 × 244, మైక్రో ఏటీఎక్స్ 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170 మి.మీ. మొదటిసారి చేసేవాళ్ళకి మైక్రో ఏటీఎక్స్ మంచిది. ఐటీఎక్స్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ చిన్న పెట్టెలో ప్రతి మిల్లీమీటరుకీ లెక్క చెప్పాలి. కేబుల్ ఎక్కడ వంగుతుంది, కనెక్టర్ ఎక్కడ తగులుతుంది అన్నీ కాగితం మీదే తేలాలి.

## ఒక చూపులో

పోలిక సరిగ్గా ఉండాలని అన్నిటికీ ఒకే పెట్టె తీసుకున్నాను: 400 మి.మీ. లోతు, 250 వెడల్పు, 450 ఎత్తు. బరువులు సాంద్రతని బట్టి వేసిన లెక్క, లోపలి భాగాలు కాకుండా.

| పదార్థం | విప్పి మార్చడం | కొలత పట్టు | ఖాళీ పెట్టె బరువు | ఎర్త్ | ఇంట్లో పని |
|---|---|---|---|---|---|
| 2020 అల్యూమినియం ప్రొఫైల్ + 3 మి.మీ. ఆక్రిలిక్ | చాలా సులువు | మధ్యస్థం | సుమారు 5 కిలోలు | ప్రత్యేకంగా ఇవ్వాలి | ఎక్కువ భాగం ఇంట్లోనే |
| 1 మి.మీ. ఉక్కు రేకు | డిజైన్‌లోనే ఆలోచించాలి | చాలా బాగుంటుంది | సుమారు 6 కిలోలు | రంగు గీకితే చాలు | బిగింపు మాత్రమే |
| 12 మి.మీ. ప్లైవుడ్ | ఇన్సర్ట్‌లు వేస్తే సులువు | వడ్రంగి చేతిని బట్టి | సుమారు 6 కిలోలు | వైరు లాగాలి | రంపం, డస్ట్ ఉంటాయి |
| 5 మి.మీ. ఆక్రిలిక్ మొత్తం | భయంభయంగా | లేజర్ కాబట్టి బాగుంటుంది | సుమారు 4.7 కిలోలు | వైరు లాగాలి | బిగింపు మాత్రమే |
| 3డీ ప్రింట్ మొత్తం | ఇన్సర్ట్‌లు వేస్తే బాగుంటుంది | బాగుంటుంది, ముక్కలు ఎక్కువ | డిజైన్‌ని బట్టి | వైరు లాగాలి | ప్రింటర్ ఉంటే అంతా ఇంట్లోనే |

పట్టికలో ఒక వింత గమనించారా? 12 మి.మీ. ప్లైవుడ్ పెట్టె, 1 మి.మీ. ఉక్కు రేకు పెట్టె దాదాపు ఒకే బరువు. ప్లై సాంద్రత ఘన సెంటీమీటరుకి 0.65 గ్రాములు అనుకుంటే చదరపు మీటరుకి 7.8 కిలోలు, ఉక్కు 7.85. చెక్క తేలిక అనుకుని ప్లై ఎంచుకునేవాళ్ళకి ఇది కాస్త నిరాశే.

## 2020 అల్యూమినియం ప్రొఫైల్

3డీ ప్రింటర్ల చట్రాల్లో కనిపించే, నాలుగు వైపులా గాడి ఉన్న 20 × 20 మి.మీ. కడ్డీ ఇది. గాడిలో టీ-నట్ జారుతుంది కాబట్టి ఏ భాగాన్నయినా ఎక్కడికైనా జరపొచ్చు, కొత్తగా చిల్లు కొట్టే పని లేదు. మాడ్యులర్ అన్న మాటకి దీన్ని మించింది లేదు.

లెక్క ఇలా వెయ్యండి. పై పెట్టెకి నిలువు కడ్డీలు నాలుగూ పూర్తి ఎత్తు, 450. అడ్డ కడ్డీలు వాటి మధ్యలో కూర్చుంటాయి కాబట్టి రెండు వైపులా 20 చొప్పున పోయి లోతు 360, వెడల్పు 210 అవుతాయి. నాలుగేసి చొప్పున మొత్తం 4,080 మి.మీ. ప్రతి కోతలో రంపం దాదాపు మూడు మిల్లీమీటర్లు తింటుంది. 4.2 మీటర్లు తీసుకుంటే సరిపోతుంది. మీటరుకి సుమారు అర కిలో, అంటే చట్రం రెండు కిలోలు.

కోత మాత్రం ఇంట్లో హ్యాక్సా రంపంతో వద్దు. చివర లంబంగా రాకపోతే పెట్టె మొత్తం ఊగుతుంది. అమ్మిన షాపులోనే మెషీన్ మీద కోయించండి. ఒకే పొడవు ఉన్న నాలుగు ముక్కల్నీ కలిపి క్లాంప్ చేసి ఒకే కోతలో కొయ్యమని అడగండి. పొడవు అర మిల్లీమీటరు తప్పినా నాలుగూ ఒకేలా తప్పుతాయి, పెట్టె చదరంగానే ఉంటుంది.

అతుకు రెండు రకాలు. మూలల్లో ఎల్ బ్రాకెట్ వేస్తే అడ్డ కడ్డీలు ఎనిమిదింటికి రెండేసి చివరలు, పదహారు బ్రాకెట్లు, ముప్పై రెండు బోల్టులు, అన్నే టీ-నట్లు. పని తేలిక, చూడ్డానికి మాత్రం ఫ్యాక్టరీ ర్యాక్‌లా ఉంటుంది. రెండో రకం, కడ్డీ చివర మధ్యలో ఉండే కంతకి ఎం5 ట్యాప్ (5 మి.మీ. మర) కొట్టి, నిలువు కడ్డీ గుండా అలెన్ కీ దూరేలా చిన్న చిల్లు వేసి లోపలి నుంచి బిగించడం. బయటికి బోల్టు కనబడదు, బిగువు కూడా ఎక్కువ. ఎం5 ట్యాప్‌కి 4.2 మి.మీ. కంత కావాలి. మీ ప్రొఫైల్‌లో మధ్య కంత ఎంత ఉందో వెర్నియర్ పెట్టి చూశాకే ఈ దారి పట్టండి.

టీ-నట్లలో కూడా తేడా ఉంది. జారుడు నట్లు చివర నుంచే ఎక్కుతాయి, చట్రం బిగించాక కొత్తది వెయ్యాలంటే మళ్ళీ విప్పాలి. సుత్తి ఆకారం నట్లు గాడిలో ఎక్కడైనా పెట్టి తిప్పితే పట్టుకుంటాయి, పట్టు కాస్త తక్కువ. చట్రానికి జారుడువి, రేపు మారే ఫ్యాన్లకీ డిస్కులకీ సుత్తివి. ఏవైనా సరే, నట్లు ప్రొఫైల్ కొన్న చోటే కొనండి. 20 సిరీస్ అని రాసి ఉన్నా గాడి లోతు, నోరు కంపెనీకి ఒక రకంగా ఉంటాయి. ఒక చోటి నట్టు ఇంకో చోటి గాడిలో వదులుగా తిరుగుతుంది.

దీని బలహీనత ఒక్కటే: చట్రం వస్తుంది గానీ మదర్‌బోర్డు పళ్ళెం, వెనక రేకు రావు.

## వెనక రేకు చేత్తో చెయ్యొద్దు

ఏ పదార్థం ఎంచుకున్నా ఈ సలహా మారదు. ఎస్‌పీ రోడ్ సందుల్లో పాత క్యాబినెట్ ఒకటి తీసుకోండి. ఏటీఎక్స్ ప్రమాణంలోది అయితే పదిహేనేళ్ళ నాటిదైనా ఫరవాలేదు, కొత్త బోర్డు కూర్చుంటుంది. ఆఫీసుల నుంచి వచ్చిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌ల క్యాబినెట్లు మాత్రం చాలావరకు సొంత కొలతలతో ఉంటాయి, వాటిని వదిలెయ్యండి. షాపులో చూసే పద్ధతి సులువు: పోర్టుల రేకు ఊడి వస్తోందా, బోర్డు పళ్ళేనికి చిల్లులు ఎక్కువగా ఉండి వాటి పక్కన ఏ, బీ, సీ లాంటి గుర్తులున్నాయా చూడండి.

ఇంటికి తెచ్చాక రివెట్ల తల మీద 3.2 మి.మీ. డ్రిల్ బిట్ నిటారుగా పెట్టి నెమ్మదిగా తిప్పితే తల ఉంగరంలా ఊడి బిట్‌కి చుట్టుకుని వస్తుంది. మిగిలిన కాడని సన్నటి మేకుతో వెనక్కి కొట్టెయ్యండి. అలా అన్ని రివెట్లూ తీస్తే వెనక భాగం, పళ్ళెం కలిసి ఒక్క ముక్కగా బయటికొస్తాయి. అంచులు బ్లేడులా ఉంటాయి. ఆకురాయితో రుద్దే దాకా ఉత్త చేతుల్తో ముట్టుకోవద్దు. ఆ ముక్కని ప్రొఫైల్ చట్రానికో ప్లై పెట్టెకో బిగిస్తే, కొలతల్లో కష్టమైన భాగం ఎవరో ఫ్యాక్టరీలో డై వేసి చేసి పెట్టినట్టే.

ఐటీఎక్స్ బోర్డు వాడేవాళ్ళు సొంతంగా పళ్ళెం చేసుకుంటామంటే అదీ సాధ్యమే, నాలుగే చిల్లులు. అయితే ఆ నాలుగూ చక్కని చతురస్రం కావు, వాటిలో ఒకటి మూల వదిలి పక్కకి జరిగి ఉంటుంది. గీతలు గీసుకుని కొట్టకుండా, బోర్డునే కాగితం మీద పెట్టి చిల్లుల్లోంచి గుర్తు పెట్టుకోండి, లేదా డ్రాయింగ్‌ని అసలు సైజులో ప్రింట్ తీసి స్కేలు పెట్టి 170 మి.మీ. వచ్చిందో లేదో సరిచూసుకోండి. ప్రింటర్లు "పేజీకి సరిపోయేలా" అని కుదించెయ్యడం మామూలే.

మరల విషయం ఇక్కడే చెప్పుకోవాలి. మదర్‌బోర్డు చిల్లు దాదాపు 4 మి.మీ. ఉంటుంది కాబట్టి మీ సొంత పళ్ళేనికి ఎం3 ఇత్తడి స్పేసర్లు వేసుకోవచ్చు, ఎం3 ట్యాప్ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. కానీ ఎస్‌ఎంపీఎస్‌కి (కంప్యూటర్‌కి కరెంటు అందించే డబ్బా), 3.5 అంగుళాల డిస్కుకి 6-32 అనే అంగుళాల మర ఉంటుంది, 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీకి ఎం3. ఒకదాని స్క్రూ ఇంకోదాంట్లో బలవంతంగా తిప్పితే మర పోతుంది. పాత క్యాబినెట్‌తో వచ్చిన స్క్రూల పొట్లం పారెయ్యకండి.

## ఉక్కు లేదా అల్యూమినియం రేకు, లేజర్ కటింగ్

కొలతల్లో దీనికి సాటి లేదు. డీఎక్స్‌ఎఫ్ డ్రాయింగ్ (కటింగ్ మెషీన్లు చదివే ఫైలు) ఇస్తే ఫైబర్ లేజర్ మీద మీరు గీసింది గీసినట్టు కోసి ఇస్తారు. వెనక రేకుని నిజంగా సొంతంగా చెయ్యాలనుకునేవాళ్ళకి ఇదే దారి. కోత దాకా కష్టం లేదు, కష్టం వంపులో ఉంది. రేకు వంచినప్పుడు మూల దగ్గర కొంత సాగుతుంది. విప్పదీసిన రేకు పొడవు ఎంత ఉండాలన్నది వాళ్ళ డై, రేకు మందం, వంపు వ్యాసార్థం బట్టి మారుతుంది. డ్రాయింగ్ పూర్తి చెయ్యకముందే షాపుకెళ్ళి, వాళ్ళు ఏ లెక్క వాడతారో అడిగి రాసుకోండి.

పీణ్యాలో బెండింగ్ మెషీన్ దగ్గర ఆపరేటర్ కాగితం చూసి అడిగే మొదటి మాట: "ఒళగడెనా, హొరగడెనా?" మీరు రాసిన 250 లోపలి కొలతా, బయటి కొలతా అని. 1 మి.మీ. రేకుకి రెండు వైపులా వంపు ఉంటే ఆ తేడా రెండు మిల్లీమీటర్లు. ప్రతి కొలత పక్కనా లోపలో బయటో రాసి ఇవ్వండి. వంపు పైకా కిందకా అన్నది కూడా బాణం గుర్తుతో చూపించండి. భాష రాదని మొహమాటపడక్కర్లేదు, డ్రాయింగ్ శుభ్రంగా ఉంటే అదే మాట్లాడుతుంది. అయినా నాలుగు కన్నడ మాటలు వస్తే పని ఇంకాస్త ముందుకి జరుగుతుంది.

చిల్లులు వంపుకి దగ్గరగా పెట్టొద్దు, వంచేటప్పుడు కోడిగుడ్డులా సాగిపోతాయి. రేకు మందానికి రెండున్నర రెట్లు, దానికి వంపు వ్యాసార్థం కలిపి అంత దూరం వదలండి. అల్యూమినియం కావాలంటే 5052 రకం అడగండి, చక్కగా వంగుతుంది. 6061-టీ6 గట్టిది గానీ బిగువు వంపు దగ్గర పగుళ్ళు తేలుతుంది. ఉక్కు అయితే 1 మి.మీ. సీఆర్‌సీఏ (కోల్డ్ రోల్డ్ రేకు) చాలు. పౌడర్ కోటింగ్‌కి ఇచ్చేటప్పుడు మరలున్న చిల్లుల్ని మాస్క్ చెయ్యమని చెప్పండి. ఆ పొర మరలో పేరుకుంటే స్క్రూ ఎక్కదు.

రేకు ఒకసారి వంగితే ఇక మారదు కదా, మాడ్యులర్ ఎలా అంటారా? చిన్న కిటుకు ఉంది. పెట్టె ఒంటికి పెద్ద కంతలు వదిలి, వాటి చుట్టూ ఒకే రకం బోల్టు చిల్లులు పెట్టండి. ఆ కంతల్లో కూర్చునే పలకలు వేరుగా కోయించండి: 120 మి.మీ. ఫ్యాన్ల పలక, 140 మి.మీ. ఫ్యాన్ల పలక, డిస్కుల పలక, ఉత్త పలక. 120 ఫ్యాన్ స్క్రూల మధ్య దూరం 105 మి.మీ., 140కి 124.5. రేపు రేడియేటర్ పెట్టాలనిపిస్తే ఆ ఒక్క పలక కొత్తది కోయిస్తే చాలు. ఈ పద్ధతికి ముందు ఆలోచన ఎక్కువ కావాలి, ఫలితం కూడా అందరికన్నా బాగుంటుంది.

ఇబ్బంది ఏంటంటే, ఒక్క పెట్టె కోసం వచ్చినవాడి పని పెద్ద ఆర్డర్ల వెనక పడుతుంది. తొందరుంటే వాళ్ళ దగ్గర మిగిలిన ముక్కల్లో కోయమని అడగండి. అన్నిటికన్నా ముఖ్యంగా, లేజర్‌కి ఇచ్చే ముందు అదే డ్రాయింగ్‌ని అట్టముక్క మీద అతికించి కోసి, మడిచి, బోర్డు పెట్టి చూసుకోండి. తప్పు అట్టలో దొరికితే బ్లేడు ఖర్చే.

## ప్లైవుడ్

చూపుకి, చప్పుడుకి ప్లైవుడ్ బాగుంటుంది. రేకు పెట్టెలో డిస్కు తిరిగే గరగర బయటికి వినిపిస్తుంది, ప్లై దాన్ని మింగేస్తుంది. వైఫై యాంటెన్నాకి అడ్డం రాదు. వడ్రంగి పని వచ్చినవాళ్ళకి, లేదా ఇంట్లో ఫర్నిచర్ చేసే వడ్రంగితో చనువున్నవాళ్ళకి ఇది హాయి.

ఎంఆర్ గ్రేడ్ (తేమని కొంతవరకే ఆపేది) కన్నా ఐఎస్ 710 గుర్తున్న బీడబ్ల్యూపీ (మరిగే నీటికీ ఆగేది) తీసుకోండి. ఇక్కడి వానాకాలం తేమకి చవక ప్లై అంచులు ఉబ్బితే ప్యానెళ్ళు బిగుసుకుపోతాయి. కోసిన ప్రతి అంచుకీ సీలర్ పూయాలి. విప్పి బిగించే ప్రతి చోటా ఇత్తడి ఇన్సర్టో ముళ్ళ టీ-నట్టో వెయ్యండి. చెక్క మందం వల్ల లోపలి చోటు తగ్గుతుందని మర్చిపోవద్దు: 250 వెడల్పు పెట్టెలో లోపల 226 మాత్రమే. మందమైన చెక్కకి పోర్టుల రేకు నేరుగా కూర్చోదు, వెనక మాత్రం లోహపు ముక్క తప్పదు.

మంట భయం చాలామందికి ఉంటుంది. క్యాబినెట్ లోపలి గాలి వేడికి ప్లై అంటుకోదు. ఎస్‌ఎంపీఎస్ గాలి బయటికి పోయే దారి మూసెయ్యకపోతే చాలు. చోటు కలిసొస్తుందని ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పి లోపలి బోర్డు బిగించే ఆలోచన మాత్రం ఎవరూ చెయ్యకండి. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో ప్రాణం తీసే వోల్టేజీ మిగిలి ఉంటుంది.

## ఆక్రిలిక్, 3డీ ప్రింట్

ఆక్రిలిక్ మొత్తం పెట్టెగా వద్దు. ప్యానెల్‌గా బాగుంటుంది, బరువు మోసే భాగంగా బాగుండదు. చిల్లులు కూడా లేజర్‌లోనే పెట్టించుకోండి, ఇంట్లో లోహపు బిట్‌తో కొడితే అవతలి వైపుకి బిట్ దూరేటప్పుడు పగులుతుంది. చిల్లు స్క్రూ కన్నా అర మిల్లీమీటరు పెద్దగా, కింద రబ్బరు వాషర్. సన్‌బోర్డు లాంటి పీవీసీ షీట్ తెచ్చి లేజర్‌లో కోయమంటే మంచి షాపువాడు ఒప్పుకోడు. పీవీసీ కాలితే క్లోరిన్ కలిసిన ఆమ్లపు పొగ వస్తుంది, మనిషికీ మెషీన్‌కీ చేటు. చవకైన ప్యానెల్ కావాలంటే షాపు బోర్డులకి వాడే 3 మి.మీ. ఏసీపీ షీట్ (మధ్యలో ప్లాస్టిక్, రెండు వైపులా పలచటి అల్యూమినియం) చూడండి, గీత గీసి విరిచినా సరిపోతుంది.

3డీ ప్రింట్ చట్రానికి కాదు, చట్రానికి అతుక్కునే చిన్న వస్తువులకి. డిస్కు గూళ్ళు, కేబుల్ క్లిప్పులు, ఫ్యాన్ గాలిని ఎస్‌ఎస్‌డీ మీదకి మళ్ళించే గొట్టం, వీటిలో దాన్ని కొట్టేది లేదు. ప్రింటింగ్ ప్లాస్టిక్‌లలో పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. గ్రాఫిక్స్ కార్డు వెనకో, ఎండలో పార్క్ చేసిన కారు డిక్కీలోనో అది వంగిపోతుంది. పీఈటీజీ సుమారు 80, ఏబీఎస్ 105 దాకా ఆగుతాయి. మామూలు ప్రింటర్ల బెడ్ 220 నుంచి 256 మి.మీ., ఏటీఎక్స్ బోర్డు 305. అంటే పళ్ళెం ఒక్క ముక్కగా రాదు, అతుకులు తప్పవు.

## ఎర్త్ సంగతి

ఫ్యాక్టరీ ఉక్కు క్యాబినెట్‌లో దీని గురించి ఎవరూ ఆలోచించరు. త్రీ పిన్ ప్లగ్గులోని ఎర్త్ ఎస్‌ఎంపీఎస్ డబ్బాకి, అక్కడి నుంచి స్క్రూల ద్వారా మొత్తం రేకుకి అందుతుంది. ఇంట్లో కట్టిన పెట్టెలో ఆ గొలుసు తెగుతుంది. ప్లై, ఆక్రిలిక్‌లో తెగుతుందని అందరూ ఊహిస్తారు. ప్రొఫైల్‌లో కూడా తెగుతుందని చాలామందికి తెలియదు. ప్రొఫైల్ మీద ఉండే అనోడైజింగ్ పొర కరెంటుని పోనివ్వదు. చూడ్డానికి అంతా లోహమే, ఒక కడ్డీకీ ఇంకో కడ్డీకీ మాత్రం సంబంధం లేదు. పౌడర్ కోటింగ్ చేసిన రేకుదీ ఇదే కథ.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. అతుకుల దగ్గర పళ్ళున్న స్టార్ వాషర్లు వెయ్యండి, అవి పొరని కొరికి లోహాన్ని పట్టుకుంటాయి. ఎస్‌ఎంపీఎస్ స్క్రూ కింద రింగు లగ్గు పెట్టి పచ్చ వైరు చట్రానికి, మదర్‌బోర్డు పళ్ళేనికి, చేతికి తగిలే ప్రతి లోహపు ప్యానెల్‌కీ లాగండి. లగ్గు కింద రంగు గీకండి. ఆ తర్వాత ప్లగ్గు గోడ నుంచి తీసేసి, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఒక మొన పవర్ కేబుల్ ఎర్త్ పిన్‌కి, ఇంకో మొన ప్రతి ప్యానెల్ స్క్రూకి తాకించి చూడండి. బీప్ రాని చోట వాషర్ కొరకలేదని అర్థం.

ఇంత చేసినా క్యాబినెట్ తాకితే జివ్వుమంటోందంటే తప్పు పెట్టెది కాకపోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్‌లోని చిన్న కెపాసిటర్ల ద్వారా స్వల్పంగా కరెంటు డబ్బాకి చేరుతుంది, గోడ సాకెట్‌లో ఎర్త్ సరిగా ఉంటే అది భూమిలోకి పోతుంది. పాత అద్దె ఇళ్ళలో మూడో కంత పేరుకే ఉంటుంది. ఇంటి ఓనర్‌తో మాట్లాడి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.

## ఎవరికి ఏది

పీజీలో, అద్దె గదిలో ఉండేవాళ్ళు. ప్రొఫైల్ చట్రం, పాత క్యాబినెట్ వెనక భాగం, ఏసీపీ లేదా ఆక్రిలిక్ ప్యానెళ్ళు. కోతలన్నీ షాపులో అయిపోతాయి. ఇల్లు మారేటప్పుడు ప్యానెళ్ళు విప్పి బట్టల మధ్య సర్దేయొచ్చు. ప్యానెళ్ళు లేకుండా ఓపెన్‌గా వాడదామనుకుంటే బల్లులు, బొద్దింకలు గుర్తుపెట్టుకోండి, వెచ్చగా ఉండే చోటు వాటికి ఇష్టం. కనీసం దోమతెర జాలీ అయినా కట్టండి.

పెద్ద గ్రాఫిక్స్ కార్డు వాడేవాళ్ళు. ఆర్‌టీఎక్స్ 4090 ఫౌండర్స్ ఎడిషన్ పొడవు 304 మి.మీ., మందం 61. పైగా పవర్ కనెక్టర్ దగ్గర కేబుల్‌ని కనీసం 35 మి.మీ. దాకా వంచకూడదని తయారీదారులు చెబుతారు, అంటే పక్క ప్యానెల్ అంత దూరం జరగాలి. బరువుకి కార్డు కిందకి వాలుతుంది కాబట్టి ప్రొఫైల్ గాడి నుంచి ఒక ఆధారం లేపండి. కార్డుని పెట్టెలోనే వేరే అరలో పెట్టాలని రైజర్ కేబుల్ (స్లాటుని దూరానికి పొడిగించే కేబుల్) వాడితే, కార్డు తరానికి సరిపడే కేబుల్ కొనండి. పాత తరం కేబుల్ అయితే బయాస్‌లో స్లాటు వేగం తగ్గించాల్సి వస్తుంది.

ఇంట్లో ఫోటోలు, సినిమాలు దాచుకునే సర్వర్ కట్టేవాళ్ళు. ప్లై ఒళ్ళు, లోపల లోహపు డిస్కు గూడు. డిస్కుల కింద రబ్బరు వాషర్లు, ముందు రెండు 120 ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగేలా. హాల్లో టీవీ పక్కన పెట్టినా ఎవరికీ వినిపించదు. పెట్టె కదలదు కాబట్టి బరువు లెక్కలోకి రాదు.

క్యాడ్ వచ్చినవాళ్ళు, ఒకసారి చేసి పదేళ్ళు వాడాలనుకునేవాళ్ళు. రేకు, మార్చుకునే పలకల పద్ధతిలో. మొదటి ప్రయత్నంగా మాత్రం వద్దు. ఒకసారి ప్రొఫైల్‌తో కట్టి, ఏ భాగం ఎక్కడుంటే చెయ్యి దూరుతుందో, గాలి ఎటు పోతుందో వాడకంలో చూసుకుని, ఆ కొలతలతో రేకు గీయండి. ప్రొఫైల్ విప్పితే ఇంకో పనికి వస్తుంది.

తక్కువ ఖర్చులో అయిపోవాలి అనేవాళ్ళు. నిజం చెప్పాలంటే మార్కెట్‌లో దొరికే మామూలు క్యాబినెట్ ధరకి సొంతంగా ఏదీ రాదు. ఖర్చు తగ్గించడానికే అయితే రెడీమేడ్ కొనుక్కోండి, ముందు ప్యానెల్ కోసి జాలీ పెట్టుకోండి.

గాలి విషయంలో ఎవరికైనా ఒకటే మాట: లోపలికి ఊదే ఫ్యాన్లు బయటికి లాగేవాటికన్నా కాస్త ఎక్కువ ఉండాలి. అప్పుడు దుమ్ము సందుల్లోంచి దూరదు, జాలీ ఉన్న చోటే ఆగుతుంది. ఆ జాలీ అయస్కాంతాలతోనో వెల్క్రోతోనో విప్పే వీలుండాలి, స్క్రూలతో బిగిస్తే ఎవరూ కడగరు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకి పైగా ఎత్తులో ఉంది, గాలి సుమారు పది శాతం పలచన. చల్లటి వాతావరణం వల్ల ఆ తేడా చాలావరకు సరిపోతుంది.

పని వరస: ముందు మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్, కార్డు చేతిలో ఉండాలి, కాగితం మీది కొలతలతో కోతకి వెళ్ళొద్దు. తర్వాత పాత క్యాబినెట్ వెతకడం, దాని వెనక భాగాన్ని బట్టి పెట్టె వెడల్పు, ఎత్తు తేల్చడం, ఆ తర్వాతే ప్రొఫైల్ కోత. చట్రం నిలబడి బోర్డు కూర్చున్నాకే ప్యానెళ్ళు కొలిచి ఇవ్వండి. ఎస్‌పీ రోడ్‌కి ఆదివారం వెళితే ఎక్కువ షట్టర్లు దించే ఉంటాయి, శనివారం పొద్దున్నే మేలు. ప్రొఫైల్ కొన్నప్పుడే అర మీటరు ముక్క, గుప్పెడు టీ-నట్లు ఎక్కువ తీసి పక్కన పెట్టండి. ఏడాది తర్వాత డిస్కు గూడు కోసం వెళ్ళేసరికి అదే షాపులో వేరే కంపెనీ గాడి ఉండొచ్చు.